మడమల మాట వినే పెట్టె

రెండు వేల పదహారు, జూన్ ఎనిమిది. ఆ రోజు మృగశిర కార్తె, నర్సక్కపేట వాళ్ల మాటలో మిరుగం. మిరుగం నాడు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా ఒంట్లో ఏదో ఒకటి పీకుతూనే ఉంటుందని అక్కడి నమ్మకం. నన్ను ఆటోలోంచి దించి సంఘం భవనంలో బల్ల మీద పెట్టేసరికి వాడంతా చేపల పులుసు వాసన. నా వెంట వచ్చిన సామ్యేలుకు కూడా ఎవరో పళ్లెంలో అన్నం, గిన్నెతో పులుసు తెచ్చిచ్చారు. ఎముకల గట్టిదనం గురించి చెప్పడానికి వచ్చిన ఆ మనిషి, చిన్న చేపల్లోని మెత్తటి ముళ్లను సైతం ఒక్కొక్కటే ఏరి పళ్లెం అంచున పేర్చుకుంటూ తిన్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలామె ఎల్లవ్వ అదే పులుసును ముళ్లతో సహా నమిలి మింగేసి, "ఏంది సారూ, ఏరి పెట్టినవన్నీ మా పిల్లికా?" అని అడిగింది.

ఈ ఊళ్లో నాకు పొద్దుపోతుందని అప్పుడే అనుకున్నాను.

నేను ఒక పెట్టెను. కుట్టుమిషను మూత అంత ఉంటాను. నా మధ్యలో ఒక పాదం పట్టేంత గుంట, ఆ గుంటకు అటూ ఇటూ రెండు మెత్తటి బిళ్లలు ఉంటాయి. మనిషి అందులో కాలు పెడితే బిళ్లలు మడమను రెండు వైపులా పట్టుకుంటాయి. ఒక బిళ్ల, చెవికి అందనంత సన్నటి చప్పుడు చేస్తుంది. అది మడమ ఎముకలోంచి దారి చేసుకుని రెండో బిళ్లను చేరుతుంది. ఎముక గట్టిగా ఉంటే చప్పుడు పరుగెత్తుకొస్తుంది. గుల్లబారి ఉంటే ఆగి, తడబడి, అలసిపోయి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసుకుని ఒక చీటీ బయటికి తోస్తాను. చీటీ మీద ఒక అంకె, దాని పక్కన ఒక రంగు. పచ్చ అయితే భయం లేదు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే డాక్టరు దగ్గరికి. నాకు వచ్చిన విద్య అంతే. నేను చెప్పేది అనుమానం మాత్రమే, తీర్పు చెప్పే పెద్ద యంత్రాలు వేరే ఉన్నాయి.

నేను పుట్టింది మంచు కురిసే ఒక దూరదేశంలో. అక్కడ తెల్లకోటు వేసుకున్నవాళ్లు నాలో తీగలూ బిళ్లలే కాకుండా ఒక స్త్రీని కూడా కూర్చోబెట్టారు. ఆమెకు ఎప్పటికీ ముప్పై ఏళ్లే. కడుపునిండా తింటుంది, ఎండలో తిరుగుతుంది, ఆమె ఎముక లోహంలా మోగుతుంది. నా దగ్గరికి ఎవరు వచ్చినా వాళ్ల మడమను ఆమె మడమతో పోల్చి, ఎంత తక్కువో లెక్క చెప్పమన్నారు. ఆమె ఎక్కడ ఉంటుంది, ఎన్ని కాన్పులైనాయి, ఇంటి నీళ్లు ఎవరు మోస్తారు అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఎవరూ చెప్పలేదు. ఉన్న ఆడవాళ్లందరినీ లేని ఆడదానితో పోల్చడం మనుషులకు నన్ను తయారు చేయకముందు నుంచే అలవాటట.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి నన్ను కొన్నది. ఆదివారాల్లో అపార్ట్‌మెంట్ల కింద గుడారం వేసి నన్ను కూర్చోబెట్టేవారు. అక్కడి మడమలు దోసగింజల్లా నున్నగా ఉండేవి. కాలు నా గుంటలో పెట్టి ఫోను చూసుకుంటూ, చీటీ వచ్చాక చదవకుండానే సంచిలో వేసుకుని వెళ్లేవారు. కొన్నాళ్లకు మనిషిని పడుకోబెట్టి చూసే పెద్ద యంత్రం వచ్చింది. నన్ను పాత ఫ్యాన్ల పక్కన గదిలో పడేశారు. దుమ్ము పట్టిన ఆ నిశ్శబ్దంలో నాకు మడమలు గుర్తొచ్చేవి.

ఆ ఆసుపత్రిలో పదవీ విరమణ చేసిన డాక్టర్ హైమవతి వెళ్తూ వెళ్తూ నన్ను అడిగి తీసుకుంది. ఆమె బీడీలు చుట్టే ఊళ్లలో ఆడవాళ్ల కోసం ఒక చిన్న సంస్థ పెట్టుకుంది. నర్సక్కపేటలో యాభై దాటని వాళ్లు డెబ్బై ఏళ్లవాళ్లలా వంగి నడవడం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. ఆ ఊళ్లో ఆడపిల్ల పదేళ్లకే ఒళ్లో చాట పెట్టుకుంటుంది. చాటలో తునికాకు, పొగాకు, కత్తెర, దారపు ఉండ. గాలి వస్తే పొగాకు ఎగిరిపోతుంది, ఎండ తగిలితే ఆకు ఎండి పెళుసవుతుంది. అందుకని తలుపులు మూసుకుని, మెడ వంచి, పొద్దున్నుంచి దీపాలవేళ వరకు చుడుతూనే ఉంటారు. ఆకలి వేస్తే చాయ్ తాగుతారు. బర్రె ఉన్న ఇళ్లలో కూడా పాలు హోటలుకు పోతాయి. ఇంత ఎండ కాసే దేశంలో ఎండ మొహం చూడని ఎముకలు ఉంటాయని నాకు ఆ ఊరు వెళ్లాకే తెలిసింది.

నాతో పాటు సామ్యేలును కూడా డాక్టరమ్మ తెచ్చుకుంది. అతను మంచివాడు. నా బిళ్లలకు రాసే జిగురు చల్లగా తగిలితే ముసలివాళ్లు ఉలిక్కిపడతారని, ముందు అరచేతిలో వేసుకుని వెచ్చబెట్టి రాసేవాడు. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు. కాని అతనికి ఒక అలవాటుంది. ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పెద్ద అయస్కాంతం ఉన్న స్కానింగు గది గుమ్మం ముందు నిలబడ్డవాడు. గాజులు, గొలుసులు, మెట్టెలు తీసెయ్యండి అనడమే అతని ఉద్యోగం. ఇంటికి వెళ్లి భార్యను కూడా ఆ మాటతోనే పలకరిస్తాడని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు.

నేను ఊరికి వచ్చిన మర్నాడు అతను ఆటోలో మైకు పట్టుకుని వాడవాడా తిరిగాడు. "అక్కలారా, అమ్మలారా! ఎముకల పరీక్ష ఉచితం! కాళ్లు కడుక్కుని రండి. పట్టీలు, మెట్టెలు, ఒంటి మీద వెండి ఏది ఉన్నా ఇంటి దగ్గరే తీసిపెట్టి రండి!"

ఆ రోజు వచ్చినవాళ్లు బల్ల ముందు ఒక వరుసగా కూర్చున్నారు. నేను మడమలు వింటూ పోయాను. అన్నీ పగుళ్లు తీసిన మడమలే, పగుళ్లలో పొగాకు పొడి. అన్నీ అలసిన చప్పుళ్లే. కాలివేళ్లన్నీ బోసిగా ఉన్నాయి. ఈ ఊళ్లో ఆడవాళ్లు మెట్టెలు పెట్టుకోరు కాబోలు అనుకున్నాను. పరదేశపు బుద్ధి మరి. సాయంత్రం ఎల్లవ్వ అనేదాకా నాకు వెలగలేదు.

"సారూ, చూసినవా? వాడకట్టుల మొగుడు పోయినోళ్లందరం ఇక్కడే ఉన్నం. గిదేదో మాకోసమే తెచ్చినట్టున్నరు గదా. సచ్చినోడు ఏం పెట్టకపోయె, మిషినన్న పెట్టిపిచ్చిండు!"

అందరూ నవ్వారు. సామ్యేలు కూడా అర్థం కాకపోయినా నవ్వాడు. ఎల్లవ్వకు ఎరుపు చీటీ వచ్చింది. ఎరుపు శుభమే అనుకుని ఆమె దాన్ని కళ్లకద్దుకుని దేవుడి పటం వెనక పెట్టుకుంటానంది. అది శుభం కాదని, రోజూ మందు వేసుకోవాలని సామ్యేలు ఆమెకు నచ్చచెప్పేసరికి చీకటి పడింది.

మర్నాటికి నాకు ఊళ్లో పేరొచ్చింది, మట్టెలు లేనోళ్ల మిషిను అని. ఆ పేరు వచ్చాక మెట్టెలున్న ఆడది నా ఛాయలకు వస్తుందా? ఆశా కార్యకర్త వనజ ఇంటింటికీ తిరిగి పిలిచినా గుమ్మం దాటించలేకపోయింది. "మట్టెలు తీస్తే మంచిగుండదు బిడ్డా" అనేవారు. వనజ వాదించేది కాదు. ఆమె కాళ్లకూ మెట్టెలున్నాయి, ఆమె కూడా నాలో కాలు పెట్టలేదు. మెట్టెలు వేలికి ఉంటాయి, నేను వినేది మడమను. వేలికీ మడమకూ మధ్య పాదమంత దూరం. ఆ సంగతి నేను అరిచి చెప్పాలనుకునేదాన్ని. నాకు నోరు లేదు. అంకెలు మాత్రమే ఉన్నాయి, అవీ కాలు పెడితేనే.

అలా గుమ్మం బయట ఆగిపోయినవాళ్లలో ఒకామె నన్ను వదలలేదు. పేరు బుచ్చవ్వ. ఎల్లవ్వకు తోడికోడలు, యాభై రెండేళ్లు. సామ్యేలు ప్రతి బుధవారం వచ్చి సంఘం భవనం తెరిచేవాడు. డాక్టరమ్మ పంపిన రాగుల జావ అక్కడ పోసేవారు. ఎల్లవ్వను పట్టుకుని తీసుకురావడం బుచ్చవ్వ పని. నిజానికి ఎవరిని ఎవరు పట్టుకున్నారో చెప్పడం కష్టం. ఎల్లవ్వ కర్ర పట్టుకుని చకచకా వచ్చేది. బుచ్చవ్వ గడప దగ్గర తలుపు చట్టం పట్టుకుని, నడుము మీద ఒక చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకునేది.

"ఏమే బుచ్చీ, గోడకు నువ్వు ఆనినవా, నీకు గోడ ఆనిందా?" అనేది ఎల్లవ్వ.

"ఊకో అక్కా. కూసుండి కూసుండి నడుము పట్టింది. నాట్లకు పోతే అదే సాపయితది."

నాట్ల మాట నన్ను భయపెట్టింది. కార్ఖానాలో బీడీ పని తగ్గించారని, వర్షాలు పడగానే నాట్ల ముఠాలో చేరుతున్నానని ఆమె చెప్పుకునేది. నారుమడిలో తడి నారు కట్టలు తలకెత్తుకుని గట్ల మీదుగా పొలానికి మోయాలి, ఆ తర్వాత రోజంతా వంగి నాటాలి. ఆ వాడలోనే లింగవ్వ అనే ఆమె కిందటేడు స్నానం చేసే జలదారి దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుని, మళ్లీ మంచం దిగలేదు. గుల్లబారిన వెన్నుకు జారిపడటం కూడా అక్కర్లేదు. తల మీద ఒక బరువు చాలు. బుచ్చవ్వ వెన్ను ఎలా ఉందో నాకు తెలియదు. తెలుసుకునే దారి ఆమె మడమ ఒక్కటే. అది వారం వారం నాకు పది అడుగుల దూరంలో నిలబడి వెళ్లిపోతోంది.

ఒక బుధవారం మధ్యాహ్నం సామ్యేలు అన్నానికి వెళ్లాడు. బుచ్చవ్వ గడప దాటి నా దగ్గరికి వచ్చింది. కొంగుతో నా మీది దుమ్ము తుడిచింది. అటూ ఇటూ చూసి, పాదం పెట్టే గుంటలో మెల్లగా అరచెయ్యి పెట్టింది. నేను చెవులు రిక్కించాను. చేతిలో ఏం వినపడుతుంది? పొగాకు వాసన, కత్తెర కాసిన కాయ, దారం తెంపి తెంపి గాడి పడిన బొటనవేలు. ఆమె కొంచెంసేపు అలాగే ఉంచి, చెయ్యి తీసుకుని, "నీకు మా ఆయన మీద ఏం పగనే?" అంది. నన్ను అంత దగ్గరగా పలకరించిన మనిషి అంతవరకు లేదు.

ఆమె భర్త రాజేశం మరమగ్గాల మీద పనిచేస్తాడు. దూది ధూళికి అతనికి దగ్గు పట్టుకుంది. చలికాలంలో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చారు. ఆ సంగతి ఎల్లవ్వ వల్ల తెలిసింది. సామ్యేలు చెప్పినట్టు మెట్టెలు తీసి చూద్దామని బుచ్చవ్వ ఒక రాత్రి కుళాయి దగ్గర సబ్బు రాసుకుని కూర్చుందట. ముప్పై అయిదేళ్లుగా వేళ్లలో దిగబడిపోయినవి. లాగితే చర్మం లేచింది గాని అవి కదల్లేదు. రాజేశం బయటికి వచ్చి, "రాకుంటే అవుసులాయన కాడికి పోయి కోపిచ్చుకో. నేనేమన్న పోతనా?" అని కంసాలి దారి చూపించాడట. అంటూనే దగ్గు తెరలో పడి గోడ పట్టుకున్నాడట. ఆమె సబ్బు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.

"మర్ది దగ్గినప్పుడల్లా ఇది కాలివేళ్ల దిక్కు చూస్కుంటది" అని ఎల్లవ్వ, ఎప్పుడూ లేనిది, నవ్వకుండా చెప్పింది.

మనుషుల గురించి నాకు అప్పుడొకటి తోచింది. వాళ్లు మూర్ఖత్వం వల్ల చేస్తారని మనం అనుకునేవి చాలా, నిజానికి ఎవరో ఒకరి మీద ప్రేమ వల్ల చేస్తారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

జూలైలో ముసురు పట్టింది. ముఠా మేస్త్రి వచ్చి, రేపటి నుంచి నాట్లు మొదలని చెప్పి వెళ్లాడు. ఆ రోజూ బుధవారమే. పదిమంది ఆడవాళ్లు జావ గ్లాసులు పట్టుకుని సంఘం వసారాలో నిలబడి ఉన్నారు, అందరూ మెట్టెలున్నవాళ్లే. లోపల కుర్చీ ఖాళీగా ఉంది. వనజ వాళ్లను పిలిచి పిలిచి విసిగిపోయింది.

"లోపలికన్న రాన్రి! దాంట్లో పామున్నదా? కాలు గిట్ల పెట్టుడే, గింతే!" అంటూ చెప్పు విడిచి తన కాలు తెచ్చి నా గుంటలో పెట్టింది. మాటల వేడిలో చేసిన పని. సామ్యేలు నా బిళ్లలకు అప్పటికే జిగురు రాసి, స్విచ్చి వేసి ఉంచాడు. మడమ తగలగానే నేను ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. ఆకలిగొన్నవాడికి ముద్ద దొరికినట్టయింది నాకు.

"వనజమ్మా, మెట్టెలు! మెట్టెలు!" అని సామ్యేలు అరిచాడు.

వసారాలో జావ గ్లాసులు ఆగిపోయాయి. వనజ ముఖం పాలిపోయింది. కాలు లాక్కోబోయింది కాని బిళ్లలు పట్టుకుని ఉన్నాయి. అంతలో చీటీ బయటికి వచ్చింది. పసుపు రంగు, శుభ్రమైన అంకె. నేను పేలలేదు, పొగ రాలేదు, వీధిలో ఎవరి మొగుడూ కూలిపోలేదు.

సామ్యేలు చీటీని తిప్పి తిప్పి చూశాడు. డాక్టరమ్మకు ఫోను చేశాడు. ఆమె గొంతు బయటికే వినిపించింది. "మడమకు మెట్టెలతో ఏం పని సామ్యేలూ? ఎవరు తీయమన్నారు?" అతను చీటీని బల్ల మీద పెట్టేశాడు. "నేనే అన్నానమ్మా" అన్నాడు చివరికి. ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చుండిపోయాడు. గుమ్మంలోంచి ఎల్లవ్వ తొంగిచూసి, "పోనీ తియ్యి సారూ, నీ నోటికి కూడా ఒక బీమారి ఉంటది గదా" అంది. ఆ మాటకు వనజ నవ్వింది. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. వసారాలోంచి ఒకామె, ఆమె వెనక ఇంకొకామె, గ్లాసు కింద పెట్టి లోపలికి వచ్చారు.

బుచ్చవ్వ మాత్రం ఆ గుంపులో లేదు. నాట్లకు పోయేముందు చుట్టాల్సిన బీడీలు పూర్తి చేయాలని ఇంట్లోనే ఉండిపోయింది. చీకటి పడుతుండగా సామ్యేలు నన్ను చంకలో పెట్టుకున్నాడు. నా మీద తన గొడుగు పట్టి, తాను తడుస్తూ, వనజ దారి చూపించగా వాళ్ల ఇంటికి నడిచాడు. ఎల్లవ్వ కర్ర టకటకలాడిస్తూ ముందే చేరింది.

ఒక్క గది ఇల్లు. తలుపు మూసి ఉంది, లోపల తునికాకు పచ్చి వాసన. బుచ్చవ్వ చాట ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. రాజేశం మంచం మీద కూర్చుని దారం ఉండ చుడుతున్నాడు. గోడ మేకుకు రేపటి కోసం సిద్ధం చేసుకున్న తలకుదురు వేలాడుతోంది. తల మీద బరువు కింద పెట్టుకునే గుండ్రటి బట్టచుట్ట అది. సామ్యేలు నన్ను ఆకుల మధ్య నేల మీద పెట్టి, తానూ నేల మీదే కూర్చున్నాడు.

"అమ్మా, నేను తప్పు చెప్పాను. మెట్టెలు తీయక్కర్లేదు. వాటితో దీనికి పని లేదు."

బుచ్చవ్వ అతన్ని చూడలేదు, రాజేశాన్ని చూసింది. రాజేశం దారం ఉండ పక్కన పెట్టాడు. "వనజ పెట్టిందట. దాని పెనిమిటి ఇప్పుడే కిరాణం కాడ నాతోని మాట్లాడిండు. మంచిగనే ఉన్నడు" అన్నాడు గంభీరంగా. ఎల్లవ్వ పగలబడి నవ్వింది.

జిగురు అరచేతిలో వెచ్చబడేదాకా సామ్యేలు ఆగాడు. బుచ్చవ్వ కాలు నా గుంటలోకి వచ్చింది, సబ్బు రాత్రి గాయం మానిన మచ్చతో, మెట్టెలతో. నేను చప్పుడు పంపాను. అటు వైపు కాచుకుని కూర్చున్నాను. ఎండిన తేనెపట్టులోంచి గాలి వస్తే ఎలా ఉంటుంది, అలా వచ్చిందది. ఎక్కడెక్కడో ఖాళీల్లో పడి లేచి, చాలా ఆలస్యంగా. నాలో కూర్చున్న ముప్పై ఏళ్ల ఆమెతో పోల్చమని నా లోపలి లెక్క తొందరపెట్టింది. నాకు అబద్ధం చేతనైతే ఆ సాయంత్రం ఆడేదాన్ని. చీటీ ఎర్రగా వచ్చింది. అంత ఎరుపు ఆ ఊళ్లో ఎల్లవ్వకు కూడా రాలేదు.

సామ్యేలు అంకెను ఫోనులో చదివాడు. డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. రేపు ఆమెను పొలానికి కాదు, జిల్లా ఆసుపత్రికి పంపాలి. ఎక్స్‌రే ఫోటో తీసి వెన్ను చూసేదాకా తల మీద గడ్డిపరక కూడా పెట్టకూడదు.

"ఎట్లయితది సారూ? ముఠాల మాటిచ్చిన. నేను పోకుంటే నా సాలు ఎవరు నాటుతరు? నడుము నొప్పికే ఇంత చేస్తరా?" బుచ్చవ్వ గొంతు పెరిగింది.

"నీ సాలు నేను నాటుతా పోవే" అంది ఎల్లవ్వ.

"నీ కర్ర నాటుతవు."

"నాటుతా. మొలుస్తది కూడా. నువ్వు మాత్రం లింగవ్వ లెక్క మంచం మీద నాటుకోకు."

ఆ మాటకు బుచ్చవ్వ నా గుంటలోంచి కాలు తీయడం కూడా మరిచిపోయింది. రాజేశం లేచాడు. మేకుకున్న తలకుదురు అందుకున్నాడు. దాని ముడి విప్పి, చుట్టంతా సాపు చేసి, నాలుగు మడతలు పెట్టాడు. వచ్చి భార్య నడుముకూ గోడకూ మధ్య మెత్తగా దాన్ని సర్దాడు.  మళ్లీ మంచం మీద కూర్చుని దారం ఉండ అందుకున్నాడు. బుచ్చవ్వ దాని మీదికి మెల్లగా వాలింది. వాదన అంతటితో ముగిసింది.

జిల్లా ఆసుపత్రిలో తీసిన ఫోటో తెచ్చి డాక్టరమ్మ సంఘం భవనం కిటికీకి ఆనించి అందరికీ చూపించింది. వెన్నుపూసల్లో రెండు, అగ్గిపెట్టెల మీద ఎవరో కూర్చున్నట్టు, ముందు వైపు నలిగి ఉన్నాయి. పని వల్ల వచ్చిన పట్టు అనుకుని ఆమె వాటితోనే నెలల తరబడి బిందెలు మోసింది. నారు కట్ట ఎత్తి ఉంటే మూడోది ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు. చూస్తున్న ఆడవాళ్లు తమ నడుముల మీదికి తెలియకుండానే చేతులు పోనిచ్చారు. ఉపన్యాసం చేయలేని పని ఆ నల్లటి రేకు చేసింది.

ఆ తర్వాత నర్సక్కపేటలో అద్భుతాలేమీ జరగలేదు. బుచ్చవ్వ మాత్రలు వేసుకుంది, వారానికోసారి ఇచ్చే విటమిన్ పొడిని పాలలో కలుపుకుని తాగింది. ఆ పాల కోసం ఇంటి చాయ్‌లో పాలు తగ్గాయని రాజేశాన్ని ఎల్లవ్వ ఏడిపించేది. నీళ్ల బిందె అతని భుజానికి మారింది. మొదటి రోజు కుళాయి దగ్గర ఆడవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చి మరీ నవ్వారు. దగ్గు వచ్చిన రోజు బిందె సగమే నింపుకునేవాడు. ఇంట్లో కూరలోకి మునగాకు, తోటకూర వచ్చాయి. నువ్వుల పొడి డబ్బా అందుబాటులో ఉండే గూట్లోకి దిగింది. కింద పడ్డది తీయాలంటే నడుము వంచకుండా, వీపు నిటారుగా ఉంచి మోకాళ్ల మీద దిగడం డాక్టరమ్మ నేర్పింది. ఈ వయసులో కూర్చోవడం నేర్చుకోవడం ఏమిటని బుచ్చవ్వ సిగ్గుపడింది గాని, నేర్చుకుంది.

ఎండ సంగతి మాత్రం ఎవరికీ తెగలేదు. పొద్దుటెండలో కూర్చోమంటుంది డాక్టరమ్మ. కూర్చుంటే ఆకు ఎండుతుంది, పొగాకు ఎగురుతుంది. చాలా రోజులు ఆ చర్చే నడిచింది. ఆఖరికి వాడలో ఎవరో ఒకామె, తానేనని నలుగురు చెప్పుకుంటారు, రెండు గుంజలకు పాత చీర అడ్డం కట్టి గాలిని ఆపింది. చాటను నీడలో, కాళ్లను ఎండలో పెట్టుకుని కూర్చుంది. ఆకు మీద తడి గుడ్డ కప్పింది. మర్నాటికి వాకిళ్లలో చీరలు లేచాయి. సంఘం కిటికీలోంచి నాకు ఆ వరుస కనిపించేది. రంగురంగుల చీరల వెనక, ఎండలోకి చాచిన పాదాలు. ఎవరి మడమ ఏదో నేను ఇక్కడి నుంచే చెప్పగలిగేదాన్ని.

ఏడాది తిరిగాక బుచ్చవ్వ మళ్లీ నా గుంటలో కాలు పెట్టింది. అంకె పెద్దగా మారలేదు. ఆమె ముఖం చిన్నబోయింది. "తగ్గలేదు కదమ్మా, అదే గొప్ప" అన్నాడు సామ్యేలు. ఎముకల విషయంలో దేవుడు వరాలు పెద్దగా ఇవ్వడు. ఉన్నది పోకుండా చూసుకుంటే అదే వరం. ఆమె చీటీని మళ్లీ చూసుకుని, మడిచి, రవికలో పెట్టుకుంది.

ఇప్పుడు నాకూ వయసు పైబడింది. బిళ్లలు గట్టిపడ్డాయి, కొత్తవి దొరకడం లేదట. నన్ను పాత సామాను కొట్టుకు వేయాలా అన్న మాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ డాక్టరమ్మ, ఇంకొన్నాళ్లు విననీ అంది. తప్పు విన్నప్పుడు సామ్యేలు ఓపికగా మళ్లీ వినిపిస్తాడు. మనుషులు ఒకరితో ఒకరు కూడా ఇంత ఓపికగా ఉంటే బాగుండునని అనిపిస్తుంది, పైకి అనను.

సంఘం భవనం తాళంచెవి ఇప్పుడు బుచ్చవ్వ దగ్గర ఉంటుంది. సాయంత్రం అయింది. ఆఖరి ఆమె చీటీ తీసుకుని వెళ్లింది. బుచ్చవ్వ నా మీద గుడ్డ కప్పి, కిటికీ వేసి, గడప దాటింది. ఆ తలుపుకు గడియ కింద, నేలకు జానెడు ఎత్తులో ఉంది. ఆమె నడుము వంచలేదు. చట్టం పట్టుకుని, వీపు నిలువుగా ఉంచి, ఒక మోకాలు, ఆ తర్వాత రెండో మోకాలు మడిచి, తొందర లేకుండా కిందికి దిగింది. గడియ దగ్గరికి చెయ్యి చాచింది. తలుపు రెక్కను తన వైపు మెల్లగా లాక్కుని, చప్పుడు కాకుండా మూసింది.